కారు ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనాలా, వద్దా? కర్నూలు, అనంతపురం, కడప బండ్లకు సమగ్ర మార్గదర్శి

కొత్త కారు కొటేషన్‌లో ఎక్స్‌షోరూం ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, యాక్సెసరీస్ అన్నీ అయ్యాక కింద ఒక వరుస ఉంటుంది: ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే మామూలు వారంటీ ముగిశాక దాన్ని ఇంకొంత కాలం పొడిగించే ప్యాకేజీ. పదిహేను వేలో, ముప్ఫై వేలో. పది లక్షల బిల్లులో అదెంతలే అని కొందరు చదవకుండానే సంతకం పెట్టేస్తారు. షోరూంవాళ్ల కమీషన్ కోసమేలే అని ఇంకొందరు చదవకుండానే కొట్టేయిస్తారు. రెండూ తొందరపాటే. ఈ నిర్ణయానికి మూడు సంగతులు తెలిస్తే చాలు: మీ బండి ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, అందులో ఖరీదైన భాగాలేమున్నాయి, వారంటీ పుస్తకంలో మినహాయింపుల పేజీ ఏం చెబుతోంది. ఒక గంట కూర్చుంటే తేలిపోయే లెక్క ఇది.

లెక్కలోకి వెళ్లేముందు వారంటీకీ ఇన్సూరెన్సుకూ ఉన్న తేడా పట్టుకోండి. లోపలి భాగం దానంతటదే పాడైతే వారంటీ చూసుకుంటుంది. గుద్దుకుని, మునిగి, కాలి, ఎలుకలు వైర్లు కొరికి పాడైతే అది ఇన్సూరెన్స్ పని. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచెత్తినప్పుడు, 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడినప్పుడు బండ్లు మునిగినట్టు మునిగితే ఏ వారంటీ అక్కరకు రాదు. దానికి కావలసింది సమగ్ర పాలసీ మీద ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ఆన్. ఏటి ఒడ్డునో, పల్లపు కాలనీలోనో ఇల్లుంటే వారంటీ కంటే ముందు దాని సంగతి చూడండి.

మొదటి అడుగు: ఇప్పుడు చేతిలో ఎంత వారంటీ ఉంది?

డ్యాష్‌బోర్డు కింది అరలో ఉండే వారంటీ పుస్తకం, బండి ఇన్‌వాయిస్ తీసి ముందు పెట్టుకోండి. చాలా కంపెనీలకు వారంటీ లెక్క డెలివరీ తేదీ నుంచి మొదలవుతుంది. ఆ తేదీని, కిలోమీటర్ల రీడింగ్ పరిమితిని ఒక కాగితం మీద రాయండి.

ఒకే కంపెనీ బండ్లయినా ఇద్దరి వారంటీ ఒకటి కాకపోవచ్చు. మారుతి సుజుకి ఇందుకు మంచి ఉదాహరణ. 2024 జులై 9కి ముందు డెలివరీ అయిన బండ్లకు మామూలు వారంటీ 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్లు. ఆ తేదీ నుంచి ఇచ్చిన బండ్లకు 3 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లు. పక్కింటివాళ్లు 2023లో కొన్నప్పుడు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవడం మంచి నిర్ణయమే అయివుండొచ్చు. అదే మాట విని 2025లో కొన్నవాళ్లు తీసుకుంటే ఆ లెక్క వేరు, ఎందుకంటే మూడో ఏడాది ఇప్పటికే ధరలో ఉంది.

‘3 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లు’ అన్నచోట ‘ఏది ముందు వస్తే అది’ అనే మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ నాలుగు మాటలే రెండో అడుగంతా.

రెండో అడుగు: మీ కిలోమీటర్లు లెక్కేయండి

పాత బండి సర్వీసు బిల్లులు రెండు తీయండి, ఏడాది తేడాతో ఉన్నవి. రెండింటి రీడింగ్ తేడాయే మీ ఏడాది తిరుగుడు. మొదటి బండి అయితే ప్రయాణాలను బట్టి వేయండి.

అనంతపురం నుంచి వారానికోసారి బెంగళూరు పోయొచ్చే వ్యాపారి అనుకుందాం. పోను 210, రాను 210 కిలోమీటర్లు. 52 వారాలకు 21,840. ఊళ్లో తిరుగుడు ఇంకో 6,000 కలిపితే దాదాపు 28,000. మూడేళ్లు నిండేసరికి రీడింగ్ 84,000. అతనికి ‘5 ఏళ్లు లేదా 1,20,000’ ప్యాకేజీ అమ్మితే 1,20,000 తాకేది నాలుగేళ్ల మూడు నెలలకు. అంటే రెండేళ్లకు డబ్బు కట్టి వాడుకునేది పదిహేను నెలలు.

కర్నూలు కేంద్రంగా సైట్లు తిరిగే కాంట్రాక్టర్ ఏడాదికి 45,000 తోలుతాడనుకోండి. లక్ష కిలోమీటర్లు రెండేళ్ల మూడు నెలల లోపే అయిపోతాయి. అదే ప్యాకేజీలో అతనికి మిగిలేవి 20,000 కిలోమీటర్లు, అంటే అయిదు నెలల పైచిలుకు. పుస్తకం మీద ‘5 ఏళ్లు’ అని ఉన్నా అతని వారంటీ మూడేళ్లు కూడా నిండకముందే ముగిసిపోతుంది. ఇలాంటివాళ్లు కొంటే కిలోమీటర్ల పరిమితి ఎక్కువున్న ప్యాకేజీయో, పరిమితే లేని ప్యాకేజీయో కొనాలి. అది లేని కంపెనీ అయితే ఆ డబ్బు బ్యాంకులో వేసుకోవడం మేలు.

కడపలో స్కూలుకు, మార్కెట్‌కు, అప్పుడప్పుడు తిరుపతికి పోయే కుటుంబం ఏడాదికి 6,000 దాటదు. అయిదేళ్లకు 30,000. ఇంజిన్, గేర్‌బాక్స్ అరిగిపోయే రీడింగ్ కాదది. కానీ ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీల ఎండలో ఆరుబయట నిలబడే బండికి రీడింగ్‌తో పనిలేకుండా రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పెళుసవుతుంది, సర్క్యూట్ బోర్డులు అలసిపోతాయి. నీడన షెడ్డు ఉన్న ఇంటి బండికీ, వీధిలో పెట్టే బండికీ ఇక్కడ నిజంగా తేడా ఉంటుంది. తక్కువ తిరిగే బండికి వారంటీ కొంటే ఆ కొనడం ఎలక్ట్రానిక్స్, ఏసీల కోసమని గుర్తుంచుకుని, అవి ఆ ప్యాకేజీలో ఉన్నాయో లేదో అదే చూసుకోండి.

మూడో అడుగు: బండిలో ఖరీదైనవి ఏమున్నాయి?

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని పెట్రోల్ ఇంజిన్, మామూలు గేర్లు ఉన్న చిన్న కారు అయితే పెద్ద ఖర్చు పెట్టించే భాగాలు తక్కువ. ఊళ్లో ఏ మంచి మెకానిక్ షెడ్డులోనైనా పని అవుతుంది, స్పేర్లు దొరుకుతాయి. మామూలు వారంటీ మూడేళ్లున్న ఇలాంటి బండికి పొడిగింపు అవసరం చాలామందికి ఉండదన్నదే మా అభిప్రాయం.

టర్బో పెట్రోల్, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే గేర్‌బాక్స్), సన్‌రూఫ్, కెమెరాలతో నడిచే భద్రతా వ్యవస్థలు, పెద్ద టచ్‌స్క్రీన్ ఉన్న బండి వేరే జాతి. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటొచ్చు. టర్బో మార్చాలంటే చాలా మోడళ్లలో యాభై వేలు దాటుతుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ అసెంబ్లీ, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్), ఏసీ కంప్రెసర్ ఇరవై వేల పైమాటే. ఈ అంకెలు మోడల్‌ను బట్టి చాలా మారతాయి కాబట్టి మీ బండికి సంబంధించినవి మీరే తెచ్చుకోండి. సర్వీస్ సెంటర్ స్పేర్స్ కౌంటర్‌లో అడిగితే ధర చెబుతారు. అడగవలసినవి అయిదు: ఏసీ కంప్రెసర్, స్టీరింగ్ అసెంబ్లీ, ఈసీయూ, టర్బో లేదా ఇంజెక్టర్ సెట్, ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్. లేబర్ ఎంతో కూడా విడిగా రాయించుకోండి.

డీజిల్ బండ్లకు ఇంకో చిక్కుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కొంతసేపు వేడిగా పరుగెత్తాలి. ఊళ్లో నాలుగు కిలోమీటర్లు పోవడం, ఆపడం, మళ్లీ రావడం ఇదే పని అయితే ఫిల్టర్ మూసుకుపోతుంది. దీన్ని తయారీ లోపంగా కాకుండా వాడకం తీరుగా చూసి క్లెయిమ్ కొట్టేసే అవకాశమే ఎక్కువ. ఊరు దాటని ఇంటికి డీజిల్ బండి, దానిమీద వారంటీ రెండూ సరిపడవు.

ఎలక్ట్రిక్, స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తోపాటు ఎలక్ట్రిక్ మోటారుతోనూ నడిచే) బండ్లలో అన్నిటికంటే ఖరీదైన బ్యాటరీకి సాధారణంగా విడిగా పెద్ద వారంటీ ఉంటుంది. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లన్నది చాలా కంపెనీలు ఇస్తున్న లెక్క. అందుకని పొడిగింపు కొనేముందు అది బ్యాటరీ కాక ఇంకేం కాపాడుతోందో అడగండి: మోటారు, ఇన్వర్టర్, ఆన్‌బోర్డ్ చార్జర్.

నాలుగో అడుగు: అమ్ముతున్నది ఎవరు?

కొటేషన్ మీద పేరు ఒకటే ఉన్నా వెనక ముగ్గురిలో ఎవరైనా ఉండొచ్చు. బండి తయారుచేసిన కంపెనీ, షోరూం డీలర్, లేదా బయటి వారంటీ సంస్థ. కంపెనీ వారంటీ అయితే దేశంలో ఏ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనైనా చెల్లుతుంది. డీలర్ సొంత ప్యాకేజీ అయితే గుత్తి దగ్గర ఆగిపోయిన బండిని ఆ డీలర్ వర్క్‌షాపుకే చేర్చాల్సి రావొచ్చు. బయటి సంస్థ అయితే ఒక్కో క్లెయిమ్‌కు గరిష్ఠ మొత్తం, మొత్తం మీద ఇంకో గరిష్ఠ మొత్తం ఉంటాయి, ముందుగా అనుమతి తీసుకోకుండా ఇంజిన్ విప్పితే క్లెయిమ్ పోతుంది. ‘సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుంది, క్లెయిమ్ డబ్బు ఎవరిస్తారు?’ అని సూటిగా అడగండి. కంపెనీది కొనగలిగినప్పుడు మిగతా రెండింటి జోలికి పోవద్దు.

మీ బండి కంపెనీకి దగ్గరలో అధీకృత వర్క్‌షాపు ఎక్కడుందో కూడా ఇప్పుడే చూడండి. కొన్ని కంపెనీలకు హైదరాబాదో బెంగళూరో పోవాలి. కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు రెండూ 200 కిలోమీటర్ల పైమాటే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఉచిత టోయింగ్ ఎన్ని కిలోమీటర్ల వరకో చూడండి. వారంటీ భాగానికి డబ్బిస్తుంది, మోసుకుపోవడానికి ఇవ్వకపోవచ్చు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ ఉంది కదా, స్పేర్లు మరునాడే వస్తాయనుకోవడం కూడా సరికాదు. విడిభాగాలు వచ్చేది వాటి గోదాముల నుంచి.

అయిదో అడుగు: మినహాయింపుల పేజీ

ఇక్కడ నిదానంగా చదవండి. క్లెయిములు పోయేది ఎక్కువగా ఈ పేజీ దగ్గరే.

అరిగిపోయే భాగాలు సాధారణంగా ఉండవు: క్లచ్ ప్లేట్, బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, ఫిల్టర్లు, బల్బులు, టైర్లు, బెల్టులు. బ్యాటరీకి, టైర్లకు వాటి తయారీదారుల వారంటీలే. రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, టచ్‌స్క్రీన్, సన్‌రూఫ్ మోటారు ఒక్కో కంపెనీకి ఒక్కోలా. మామూలు వారంటీలో ఉన్నవన్నీ పొడిగింపులో ఉంటాయన్న నమ్మకం వద్దు, రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే పొడిగింపు జాబితా తరచుగా పొట్టిగా ఉంటుంది.

తర్వాత సర్వీసు షరతు. ప్రతి సర్వీసూ అధీకృత వర్క్‌షాపులో, చెప్పిన గడువులో చేయించాలి. గడువు దాటితే ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్ల వరకు ఓర్చుకుంటారో పుస్తకంలోనే ఉంటుంది. ఒక్క సర్వీసు ఎగ్గొట్టినా ఇంజిన్ క్లెయిమ్ పోవచ్చు. చాలామంది చూడని ఇంకో పట్టికుంది: ‘కఠిన పరిస్థితుల్లో నిర్వహణ’. దుమ్ము ఎక్కువుండే దారుల్లో, విపరీతమైన ఎండలో తిరిగే బండ్లకు ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ మామూలు గడువు కంటే ముందే మార్చాలని అందులో రాసివుంటుంది. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు పాలిష్ బండల యూనిట్లు, క్వారీలు, సిమెంట్ ఫ్యాక్టరీల దారుల్లో రోజూ తిరిగే బండికి ఆ పట్టికే వర్తిస్తుంది. నాపరాయి పొడి ఫిల్టర్‌ను దాటి టర్బో రెక్కలను గీరిందంటే, ఫిల్టర్ మార్చిన బిల్లు చూపించకుండా క్లెయిమ్ గెలవడం కష్టం. ఫిల్టర్ మార్చినప్పుడల్లా దాన్ని జాబ్ కార్డులో (మీ ఫిర్యాదు, చేసిన పని వర్క్‌షాపు రాసే కాగితం) రాయించండి.

ఇక నీళ్లు. మన జిల్లాల బండ్లకు ఇది ప్రత్యేకమైన జబ్బు. వేసవిలో బండి వేడెక్కితే దగ్గరలో దొరికిన బోరు నీళ్లు రేడియేటర్‌లో పోసేస్తారు. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. స్టీలు బిందె అడుగున, వేడినీళ్ల గీజర్ కాయిల్ మీద పట్టే తెల్లటి పెచ్చే రేడియేటర్ సన్నగొట్టాల్లో, ఇంజిన్ బ్లాకు నీటిదారుల్లో పడుతుంది. దాంతో వేడి బయటికి పోదు, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైభాగానికీ మధ్య బిగించే పొర) ఎగిరిపోతుంది. కూలెంట్‌లో ఉండే తుప్పు నిరోధకం కూడా పలచబడిపోతుంది. అప్పుడు వర్క్‌షాపులో మొదట చేసే పని రేడియేటర్ మూత తీయడం. మూత లోపలి రబ్బరు వాషర్ చుట్టూ తెల్లగా సుద్దలా కట్టి ఉందా, వేలు పెడితే ఆకుపచ్చ, గులాబీ రంగు కూలెంట్‌కు బదులు తుప్పు రంగు నీళ్లు అంటుకుంటున్నాయా అని చూస్తారు. ఆ రెండూ కనబడితే జాబ్ కార్డు మీద ‘కూలెంట్ స్థానంలో నీళ్లు’ అని పడుతుంది, క్లెయిమ్ అక్కడితో ఆగిపోతుంది. దీనికి మందు చవక. కంపెనీ చెప్పిన రకం, ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్ ఒక లీటరు డబ్బా డిక్కీలో పెట్టుకోండి. గత్యంతరం లేకపోతే బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయండి. అదీ దొరకక మామూలు నీళ్లు పోయాల్సివస్తే, ఆ వారంలోనే సర్వీస్ సెంటర్‌లో కూలెంట్ మొత్తం ఫ్లష్ చేయించి బిల్లు దాచుకోండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం వెంటనే తీయకండి, ఒత్తిడితో ఎగజిమ్మిన నీళ్లు ముఖం కాలుస్తాయి.

దీనికి తోడుగా పర్యవసాన నష్టం అనే నిబంధన ఉంటుంది. వాటర్ పంపు లీకైతే పంపుకు వారంటీ ఉంది. కానీ టెంపరేచర్ ఎర్రలైటు వెలిగాక కూడా ‘డోన్ దాకా పోదాంలే’ అని ఇరవై కిలోమీటర్లు తోలితే, దానివల్ల వంగిన సిలిండర్ హెడ్‌కు ఇవ్వరు. ఈసీయూలో ఎప్పుడు ఎంత వేడెక్కిందో ఆనవాలు మిగిలివుంటుంది. లైటు వెలిగితే పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయడమే వారంటీని కాపాడుకోవడం.

బయట చేయించే మార్పులు మరో గొయ్యి. వైరు కోసి, ఇన్సులేషన్ టేపు చుట్టి బిగించిన హారన్, ఫాగ్ లైట్లు, రివర్స్ కెమెరా ఉంటే ఆ వైరింగ్‌కు సంబంధించిన ఎలక్ట్రికల్ క్లెయిములన్నీ అనుమానంలో పడతాయి. కప్లర్‌తో (గుచ్చి కలిపే ప్లగ్) కలిపే సామాన్లే వాడండి, వైరు కోయనివ్వకండి. బయట అమర్చిన సీఎన్‌జీ, ఎల్పీజీ కిట్, ఈసీయూ ట్యూనింగ్ చేయిస్తే ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. తెల్ల నంబరు ప్లేటు బండిని బాడుగకు తిప్పడం కూడా అంతే, చాలా పుస్తకాల్లో వాణిజ్య వాడకం స్పష్టమైన మినహాయింపు. పసుపు బోర్డు ట్యాక్సీలకు వారంటీ నిబంధనలే వేరు, అవి విడిగా అడిగి తీసుకోండి.

ఆరో అడుగు: లెక్క తేల్చడం

ఇప్పుడు ధర. షోరూంలో చెప్పేది చాలాసార్లు పన్ను లేని అంకె. 24,000 అంటే 18 శాతం జీఎస్టీతో 28,320. ‘అన్నీ కలిపి ఎంత?’ అనే అడగండి.

దాని మీద కనబడని ఖర్చొకటి ఉంది. వారంటీ చెల్లాలంటే పొడిగించిన రెండేళ్లూ సర్వీసులు అధీకృత వర్క్‌షాపులోనే చేయించాలి. మీరు ఎలాగూ అక్కడికే పోయేవాళ్లయితే ఇది సున్నా. మూడేళ్ల తర్వాత నమ్మకమైన బయటి మెకానిక్‌కు ఇచ్చేవాళ్లయితే తేడాను కలపాలి. ఒక్కో సర్వీసుకు మూడు వేల అయిదొందలు తేడా, రెండేళ్లలో అయిదు సర్వీసులు అనుకుంటే 17,500. మొత్తం 45,820. ఇది ఆ పొడిగింపు మీకు పడే అసలు ఖరీదు.

ఈ మొత్తాన్ని మూడో అడుగులో తెచ్చుకున్న అయిదు ధరల పక్కన రాయండి. చిన్న కారుకు అయిదింటిలో ఏ ఒక్కటి పోయినా 46,000 దాటకపోతే, ఒక్క పెద్ద రిపేరు వచ్చినా మీకు నష్టమే. వద్దు. టర్బో ఆటోమేటిక్‌కు రెండో మూడో భాగాలు ఆ అంకెకు రెట్టింపు ఉంటే, ఒక్కసారి పోయినా పెట్టిన డబ్బు వెనక్కొస్తుంది. అప్పుడు కొనండి, ముఖ్యంగా మీ కిలోమీటర్లు పూర్తి కాలం వాడుకునేలా ఉంటే. ఒక్కసారిగా లక్ష రూపాయల బిల్లు వస్తే అప్పు చేయాల్సిన ఇల్లు అయితే ఈ తూకాన్ని కొంచెం కొనడం వైపు వంచడంలో తప్పులేదు. ఆ బిల్లు కట్టగల స్తోమత ఉన్నవాళ్లు నెలకు 1,500 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మామూలు వారంటీ ముగిసే మూడేళ్లకు 54,000, పైన వడ్డీ. ఏ భాగం పాడైనా, క్లచ్ ప్లేట్ అయినా సరే, ఆ డబ్బు మినహాయింపులు చెప్పదు.

నాలుగేళ్లలోపు బండి అమ్మేసే అలవాటు ఉన్నవాళ్లు పొడిగింపు ఎవరికి పనికొస్తుందో ఆలోచించాలి. కొత్త యజమానికి బదిలీ అయ్యే వారంటీ అయితే అమ్మేటప్పుడు కొంత ధర వస్తుంది, బదిలీ కాకపోతే ఆ డబ్బు పోయినట్టే. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కూడా ‘వారంటీ ఉంది’ అన్న మాట నమ్మకుండా ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో చూపించుకుని, బదిలీ రుసుము కట్టి, గడువులోపు పేరు మార్పించుకోవాలి.

ఏడో అడుగు: కొంటే ఎప్పుడు, ఎలా?

డెలివరీ రోజే కొనాలని ఒత్తిడి చేస్తారు. చాలా కంపెనీలు మామూలు వారంటీ ముగిసేదాకా అమ్ముతాయి, కాకపోతే ఏడాది గడిచేకొద్దీ రేటు పెంచుతాయి. మీ కంపెనీలో ఏ నెల దాటితే ఎంత పెరుగుతుందో పట్టిక అడగండి. పెరుగుదల తక్కువైతే ఏడాదో రెండేళ్లో ఆగి, అసలు తిరుగుడు ఎంతో చూసి కొనడమే మంచిది.

కారు లోన్‌లో మాత్రం కలపనివ్వకండి. 25,000 వారంటీని 9.5 శాతం వడ్డీకి అయిదేళ్ల లోన్‌లో కలిపితే నెలకు 525 చొప్పున కట్టేది దాదాపు 31,500. ఆరున్నర వేలు వడ్డీకే పోయాయి, అదీ మూడేళ్ల తర్వాతగానీ మొదలవని వారంటీకి.

డబ్బు కట్టిన వారంలో కంపెనీ యాప్‌లోగానీ కస్టమర్ కేర్‌లోగానీ మీ ఛాసిస్ నంబరు మీద పొడిగింపు నమోదైందో లేదో చూసుకోండి. షోరూం రసీదు ఒక్కటే సరిపోదు. ముగింపు తేదీ, కిలోమీటర్ల పరిమితి ఉన్న సర్టిఫికెట్ మీ మెయిల్‌లో ఉండాలి. డీలర్ దగ్గర డబ్బు ఆగిపోయి నమోదు కాని సంగతి క్లెయిమ్ రోజున బయటపడితే వాదన చాలా కష్టం.

పొడిగింపు కొనేవాళ్లూ కొననివాళ్లూ అందరూ చేయవలసిన పని ఒకటుంది. మామూలు వారంటీ ముగియడానికి నెల ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి పూర్తిగా చూపించండి. ఇంజిన్ అడుగున, గేర్‌బాక్స్ అతుకుల దగ్గర ఆయిల్ చెమ్మ, స్టీరింగ్ తిప్పితే టకటక చప్పుడు, ఏసీ గ్యాస్ లీకు, ఈసీయూలో దాగిన ఫాల్ట్ కోడ్‌లు. దొరికిన ప్రతి లోపం గడువు లోపలే జాబ్ కార్డు మీద పడితే తర్వాత అది కంపెనీ బాధ్యతగానే ఉందని వాదించడానికి ఆధారం మిగులుతుంది. పొడిగింపు మొదలయ్యేసరికే ఉన్న లోపమని తర్వాత తిప్పికొట్టకుండా కూడా ఇది కాస్తుంది.

ఎనిమిదో అడుగు: క్లెయిమ్ ఎలా చేయాలి

బండి మొరాయిస్తే ముందు దగ్గరి షెడ్డులో విప్పించకండి. వార్నింగ్ లైటు, రీడింగ్ రెండూ కనబడేలా ఫోటో తీయండి. శబ్దమైతే వీడియో. సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు రాసేటప్పుడు పక్కనే నిలబడి లక్షణాన్ని వివరంగా రాయించండి. ‘ఏసీ పనిచేయడం లేదు’ అని రాస్తే గ్యాస్ నింపి పంపేస్తారు. ‘రీడింగ్ 61,240. మధ్యాహ్నం ఎండలో సిగ్నల్ దగ్గర నిలబడితే వేడిగాలి వస్తోంది, బండి కదిలి అరవైలో పోతే మళ్లీ చల్లబడుతోంది’ అని రాస్తే కండెన్సర్ ఫ్యాన్ వైపు చూడటం మొదలుపెడతారు. అదే లోపం రెండోసారి వస్తే ‘మళ్లీ అదే ఫిర్యాదు’ అని, పాత జాబ్ కార్డు నంబరుతో రాయించండి.

ఇంజిన్‌గానీ గేర్‌బాక్స్‌గానీ విప్పాలంటే సంతకం అడుగుతారు. అక్కడ ఆగండి. విప్పాక వారంటీ వర్తించదని తేలితే లేబర్ మీదే పడుతుంది. ఆ మొత్తం ఎంతో, కంపెనీ ఆమోదం ఎప్పటికి వస్తుందో ముందే రాతలో తీసుకోండి. ఇంజిన్ లోపల ఏం కనబడిందో ఫోటోలు ఇవ్వమనండి.

తిరస్కరిస్తే నోటిమాట ఒప్పుకోకండి. ఏ భాగం, ఏ కారణం, పుస్తకంలో ఏ నిబంధన అన్నవి మూడూ మెయిల్‌లో పంపమనండి. ఇలా అడిగితేనే కొన్ని తిరస్కరణలు మళ్లీ పరిశీలనకు వెళతాయి. తర్వాత వర్క్‌షాపు మేనేజరు, ఆపైన కంపెనీ కస్టమర్ కేర్, ఫిర్యాదు నంబరుతో. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు.

ఆఖరి దారి జిల్లా వినియోగదారుల కమిషన్. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా సరే. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి. రుసుము 5 లక్షల వరకు లేదు, 10 లక్షల వరకు రూ.200, 20 లక్షల వరకు రూ.400. లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. జత చేయవలసినవి: ఇన్‌వాయిస్, వారంటీ సర్టిఫికెట్, పుస్తకంలో సంబంధిత పేజీ, అన్ని సర్వీసుల జాబ్ కార్డులు, బిల్లులు, తిరస్కరణ మెయిల్, మీరు సొంత డబ్బుతో చేయించుకుంటే ఆ బిల్లు. విప్పి తీసిన పాత భాగాన్ని కమిషన్ తేల్చేవరకు పారేయకండి. ఆ భాగాన్ని మీకే అప్పగించమని వర్క్‌షాపును రాతలో అడిగి తెచ్చుకోండి, నిపుణుడి పరీక్షకు పంపాల్సివస్తే చేతిలో ఉండాల్సింది అదే.